గుంట లేని పిస్టన్లు

చువ్వ లోపలికి దిగి దేనికో తగిలి ఆగింది. ఇటు జరిపాను, అటు జరిపాను, నున్నటి బల్లమీద జరిగినట్టు జరిగింది తప్ప ఎక్కడా కిందికి జారలేదు. జారాలి కదా, మధ్యకి వచ్చేసరికి గిన్నె అంచు దాటినట్టు కాస్త లోపలికి పడాలి కదా, నేను చూసి, తడిమి, తువ్వాలులో చుట్టి తెచ్చుకున్న పిస్టను తలమీద నా బొటనవేలు మొత్తం పట్టేంత గుంట ఉంది కదా. టార్చి నోట్లో పెట్టుకుని, స్పార్క్ ప్లగ్గు తీసిన కన్నంలోకి ఒంటికన్నుతో చూశాను. మసి, నూనె, ఒక మూల విరిగిన అంచు, మిగిలినదంతా చదును. పక్క ప్లగ్గు విప్పాను, వేళ్ళు కాలాయి, చొక్కా అంచు అడ్డం పెట్టుకుని విప్పాను. రెండోదీ చదునే. మూడోదీ అంతే. నాలుగోదీ విప్పి చూశాను, అదీ చదునే. ఇవి నా పిస్టన్లు కావు. కావు అనడం కూడా తప్పేమో, ఇవి నావే, ఈ బండితో పాటు పుట్టినవే, పనికిరావని నేనే విప్పి మూల పడేసిన పాతవే. పెట్టమని ఇచ్చినవి మాత్రం ఇందులో లేవు. ఇంజను కింది భాగం బిగించింది బావ. పైభాగం నేను బిగించాను, దాని మీద ఇంజను హెడ్డు పెట్టి నేనే మూసేశాను, మూసేముందు ఒక్కసారి తొంగి చూస్తే సరిపోయేది, చూడలేదు, బావ బిగించినదాన్ని నేను చూడ్డం ఏమిటి?

ఇందాక, ఈ మలుపుకి కాస్త కింద, రెండో గేరులో బండి బాగానే లాగుతోంది. వెనక తెల్లటి కమోడ్లూ వాష్ బేసిన్లూ గడ్డిలో పేర్చుకుని, తాళ్ళు బిగించుకుని, కొండమీద కడుతున్న హోటలుకి తీసుకెళ్తున్నాను. ఈ లోడు చెక్కుచెదరకుండా పైకి చేరిస్తే హోటలు పూర్తయ్యేదాకా రవాణా అంతా నీ బండికేనని అక్కడి సూపర్‌వైజరు మాటిచ్చాడు. మలుపు ఎక్కుతుంటే ఆ పాత శబ్దం మొదలైంది, టక్, టక్, ఎవరో ఇంజను లోపల కూర్చుని చిన్న సుత్తితో కొడుతున్నట్టు. కాలు కొంచెం తీశాను. తీస్తే బండి ఆగిపోతుంది, తొక్కితే సుత్తి పెద్దదవుతుంది. ఇంకొక్క మలుపే అనుకుని తొక్కాను. పట్‌మని ఒక్క చప్పుడు, అంతే, వెనకంతా నీలం పొగ, కాలి కింద పెడలు ఉంది గానీ దానికీ చక్రాలకీ సంబంధం తెగిపోయింది. రాళ్ళు పెట్టి చక్రాలు ఆపి, వెంటనే ఫోన్ చేసింది బావకే. ఇంకెవరికి చేస్తాను? పళ్ళు నొప్పెడితే నాలిక అటే పోయినట్టు, బండికి ఏమైనా నా చెయ్యి బావ నంబరుకే పోతుంది. ఎత్తింది అక్క. "ఏమైంద్రా చిన్నోడా?" అంది. "ఇంజను పోయిందక్కా, కొండ సగంలో ఉన్నా, బావని తాడు తీసుకుని రమ్మను" అన్నాను. "నీకేం కాలేదుగా?" అంది. లేదన్నాను. "అక్కడే ఉండు, వచ్చేస్తాం" అంది. కొండ సగంలో చచ్చిన బండి వదిలేసి ఎక్కడికి పోతాననుకుందో. అప్పటికి నేనింకా చువ్వ దింపలేదు. అప్పటికి నేనింకా బావ వస్తున్నాడన్న ధైర్యంతో ఉన్నాను.

ఇప్పుడూ వస్తున్నాడు. గంటలో వస్తాడు. రావడం అదే రావడం, ధైర్యం మాత్రం ఎక్కడో జారిపోయింది. పిట్టగోడ మీద కూర్చున్నాను. కింద లోయలో రోడ్డు మడతలు మడతలుగా కనిపిస్తోంది, ఎండకి తారు మెరుస్తోంది, ఒక మోటారు సైకిలు ఎక్కుతోంది, దాని చప్పుడు ముందొస్తోంది, మనిషి వెనకొస్తున్నాడు. ఈ రోడ్డు మీద నేను ఎన్నిసార్లు అవమానపడ్డానో. పాత బండి, పెట్రోలు ఇంజను, ఖాళీగా ఉంటే గుర్రంలా పోతుంది, బరువేస్తే మొదటి గేరులో ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతుంది. వెనక కార్లవాళ్ళు హారన్ మీద చెయ్యి తియ్యరు. ఒకసారి నడిచివెళ్తున్న ముసలాయన నన్ను దాటేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొత్త ఇంజను కొనే స్తోమతు లేదు, కొత్త బండి మాట ఎత్తను కూడా ఎత్తను. అప్పుడు పాత సామాన్ల యార్డులో గుద్దుకుని నుజ్జయిన డీజిలు వ్యాను కింద నుంచి తీసిన టర్బో ఒకటి కనిపించింది. నత్తగుల్లలా ముడుచుకుని, తుప్పుపట్టి, వేలితో తిప్పితే మాత్రం లోపలి చక్రం గిలకలా గిర్రున తిరిగింది. ఇంజను వదిలేసే పొగతోనే ఆ చక్రం తిరుగుతుంది, అది తిరిగి ఇంజనులోకి ఇంకా గాలి అదిమి నింపుతుంది, ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ బలం. ఊపిరితిత్తులు పెంచడమన్నమాట, గుండె మార్చకుండా. చెప్తే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కార్బురేటరు బండికి టర్బో ఏంట్రా? ముసలాడికి బూర ఇచ్చి ఊదమన్నట్టు" అన్నాడు. అన్నాడు గానీ మర్నాడు షెడ్డులో సగం జాగా ఖాళీ చేసి, "ఇదిగో, నీ పిచ్చికి ఈ మూల" అని చూపించాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు వెచ్చబడుతుంది, అదే కదా ఇప్పుడు బాధ, వెచ్చబడడం మానలేదు.

కార్బురేటరు నెత్తిన గాలి చొరబడని టోపీ ఒకటి కావాలి, టర్బో నుంచి వచ్చే గాలి ఎటూ పోకుండా నేరుగా లోపలికి దిగాలి. కొనేవి మనకి అందవు. అక్క వంటింట్లో అడుగు సొట్టపోయిన ప్రెషర్ కుక్కరు ఉంటే దాని మూత అడిగాను. "మూత ఒక్కటేనా, ఈల కూడా కావాలా?" అంది అక్క. ఆ మూతకి గొట్టం అతికించి, రబ్బరు రింగు వేసి, నాలుగు బోల్టులతో కార్బురేటరు మీద కూర్చోబెడితే బావ చాలాసేపు దాని చుట్టూ తిరిగి చూశాడు. నవ్వలేదు ఈసారి. మొదటిసారి గాలి ఎక్కించినప్పుడు కార్బురేటరు లోపల పెట్రోలు మీద తేలే ఇత్తడి బుడ్డి నొక్కుకుపోయి పెట్రోలంతా పొంగి షెడ్డు నేలమీద పారింది, ఇద్దరం ఇసుక చల్లుతూ పరిగెత్తాం, అక్క గుమ్మంలో నిలబడి ఇద్దరినీ కలిపి తిట్టింది, తిట్టినంతసేపూ మేమిద్దరం తలలు వంచుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నాం. నాకు తండ్రి ఎలా ఉంటాడో తెలీదు, అన్న లేడు. స్పానరు పట్టుకోవడం నేర్పింది బావ. నట్టు ఎప్పుడు బిగిసిందో చేతికి తెలియాలిరా, ఇంకొంచెం అనిపించే ముందే ఆపాలి అని, నా మణికట్టు తన చేత్తో పట్టుకుని నేర్పాడు. ఆ చెయ్యే ఈ పిస్టన్లు పెట్టింది. నేర్పిన చెయ్యి ఒకటీ, పెట్టిన చెయ్యి ఒకటీ అయితే బాగుండేది, తప్పు ఒకదాని మీద తోసెయ్యొచ్చు.

పిస్టన్ల మాట ముందు నుంచీ నేను చెబుతూనే ఉన్నాను. మామూలు పిస్టను తల చదునుగా ఉంటుంది, పైకి వచ్చినప్పుడు గాలికి చోటు తక్కువ మిగులుతుంది. టర్బో ముందే అదిమిన గాలిని తెచ్చి పోస్తే, ఆ ఇరుకులో పెట్రోలు తన సమయం రాకుండానే అంటుకుని పిస్టన్ని నెత్తిమీద మొత్తుతుంది. ఆ మొత్తుడే ఆ టక్ టక్. కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది, తర్వాత విరుగుతుంది. అందుకని గుంట ఉన్న పిస్టను కావాలి, గట్టిది కావాలి, మన బోరుకి, అంటే సిలిండరు కన్నానికి సరిపోవాలి. ఎక్కడా దొరకలేదు. చివరికి రేవు దగ్గర పాత ఇనుము కొట్టు ముసలాయన దగ్గర, పాడుబడ్డ జనరేటరు ఇంజనులో దొరికాయి, అదే బోరు, తల మధ్యలో చక్కటి గుంట. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పక్కసీటు ఆవిడ పసిబిడ్డనుకుని తువ్వాలు తీసి చూడబోయింది. షెడ్డుకి రాగానే బావ చేతిలో పెట్టాను. ఒక్కటి తీసి, అరచేతిలో ఊపి బరువు చూసి, గుంటలో బొటనవేలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "నీ అదృష్టం రా" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది, అప్పుడు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

కారొకటి ఆగింది. కిటికీ దించి ఒకాయన, "ఏం బాబూ, సాయం కావాలా?" అన్నాడు. బండి వస్తోందండీ అన్నాను. ఆయన వెనక సరుకు చూశాడు, ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్న కమోడ్లని చూసి, "అవసరానికి మాత్రం లోటు లేదు నీకు" అని తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు. ఇంకోరోజయితే ఈ మాట ఇంటికెళ్ళి అక్కకీ బావకీ చెప్పి ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్ళం. చెప్పాలనే అనిపించింది, ఆ క్షణంలో కూడా. మనసు అలవాటైన గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది, తలుపు తీసి ఉందో లేదో కూడా చూసుకోకుండా.

పొరపాటేమో. ఇదిగో, ఇందాకట్నుంచి దీని కోసమే చూస్తున్నాను, పొరపాటయ్యుండొచ్చు కదా. నేను పచ్చకామెర్లతో పడిపోయాను అప్పుడు. పిస్టన్లు తెచ్చిన కొద్దిరోజులకే, కళ్ళు పసుపుముద్దలై, అన్నం వాసన పడక, అక్కా వాళ్ళింట్లో వెనకగదిలో పడుకున్నాను. బావ బండి ఇంజను కూడా అదే సమయానికి విప్పి ఉంది, ఇద్దరివీ ఒకటే రకం బళ్ళు, పక్కపక్క బల్లల మీద రెండు ఇంజన్లు, రెండిటి పేగులూ బయట. కలిసిపోయి ఉండొచ్చు. ఒక సాయంత్రం బావ నూనె చేతులతో నా మంచం దగ్గరికొచ్చి కూర్చుని, "నీ పని ఆగకూడదని కిందిదంతా నేనే బిగించేశానురా, నువ్వు లేచాక పైది చూసుకో" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు. పొరపాటే అయ్యుంటుంది. కానీ గుంట ఉన్న పిస్టన్నీ లేనిదాన్నీ పొరపడడానికి గుడ్డివాడికి కూడా వీలుపడదు, వేలు చెబుతుంది. ఒకటి పొరపాటున మారుతుందేమో, నాలుగూ మారతాయా? మారితే నావి ఎక్కడికి పోయినట్టు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి వెనక్కి తిరుగుతున్నాను ఇందాకట్నుంచి, జవాబు తెలియక కాదు.

జవాబు నేనే బిగించాను. నేను కోలుకుని, పైభాగం బిగించి, నా బండి తొలిసారి టర్బో ఈలతో కదిలిన రోజున బావ నా భుజమ్మీద చరిచి, "నాక్కూడా ఒకటి పెట్టరా" అన్నాడు. అదే యార్డులో ఇంకో టర్బో వెతికి, ఇంకో మూత సంపాదించి, బావ బండికి నా చేత్తోనే పెట్టాను. చదును పిస్టన్లే కదా అని గాలి చాలా తక్కువ పెట్టాను. వారం తిరక్కముందే బావ గాలి పెంచేశాడు. "విరిగిపోద్ది బావా" అంటే, "ఏం కాదులే, నాది మొండిది" అన్నాడు. నిజంగానే ఏం కాలేదు. బరువేసుకుని కొండెక్కుతుంటే ఒక్క టక్కు లేదు, పట్టులా లాగింది. నాది మాత్రం, అంత జాగ్రత్తగా కట్టినది, తక్కువ గాలికే టక్కుమంది. ఎందుకో అర్థం కాలేదు. కార్బురేటరులో పెట్రోలు వదిలే జెట్లు మార్చాను, ఇంకా పెట్రోలు ఎక్కించాను, నిప్పురవ్వ పడే టైమింగు వెనక్కి తిప్పాను, అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా తెచ్చి గొట్టంలోకి నీటి తుంపర పెట్టాను, చల్లబడుతుందని. కాస్త తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఒత్తిడి కొలిచే గేజు పెట్టి చూస్తే ముల్లు ఉండాల్సిన చోటు దాటి పైకి పోయింది. బావకి చూపించాను. "ఆ గేజు పాతదిరా, ఎక్కువే చూపిస్తుంది" అన్నాడు. గేజు నిజం చెప్పింది, బావ అబద్ధం చెప్పాడు, నేను గేజుని అటక మీద పడేశాను.

అన్నిటికన్నా అది దహిస్తోంది. పిస్టన్లు పోతే పోయాయి, లోహం, ఎక్కడో ఇంకోటి దొరుకుతుంది. కానీ ఎండాకాలమంతా నేను నా చెవిని నమ్మలేదు. జెట్టులో కన్నం పెద్దది చెయ్యడానికి సన్నటి సూది తిప్పుతూ, నా చెయ్యి మంచిది కాదేమో, నాకీ పని పట్టుబడలేదేమో, ఎక్కడో చూసి కాపీ కొట్టడమే గానీ లోపల సంగతి నాకు తెలీదేమో అని, రోజూ కొంచెం కొంచెంగా నన్ను నేను తక్కువ చేసుకున్నాను. బావ పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూసేవాడు. "అంత దిగులెందుకురా, అందరికీ అన్నీ రావు" అనేవాడు. ప్రేమగా అనేవాడు. "గాలి ఎక్కువ పెట్టకు, బరువు ఎక్కువెయ్యకు, నెమ్మదిగా నడుపు" అని ప్రతిసారీ చెప్పేవాడు, నేను బండెక్కుతుంటే తలుపు పట్టుకుని మరీ చెప్పేవాడు. నా మీద ఎంత ఆపేక్షో అనుకున్నాను. ఆపేక్ష లేదని ఇప్పుడూ అనలేను. అది ఉండే ఉంటుంది. లోపల ఏముందో తెలిసినవాడు కాబట్టి చెప్పాడు, నేను విరగ్గొట్టుకోకూడదని చెప్పాడు, విరిగితే బయటపడుతుందనీ చెప్పాడు. రెండూ ఒకే మాటలో చెప్పాడు. దాన్ని విడదీసి ఏది నాకు, ఏది తనకి అని పంచుకోవడం నా వల్ల కావడం లేదు.

అక్క సంగతేమిటి? అడిగేస్తాను, తాడు దింపుతుండగానే అడిగేస్తాను, నా పిస్టన్లేవి బావా అని. అడిగితే ఏమవుతుంది? బావ తల దించుకుంటాడు. అక్కకి తెలుస్తుంది. అక్క ఊరుకునే మనిషి కాదు, మా అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని బడికి వెళ్ళిన మనిషి, టీచరు బయటికి పొమ్మంటే గుమ్మంలో కూర్చుని పాఠం విన్న మనిషి. పెళ్ళిచూపుల్లో బావతో మొదటి మాటే, "నాతోపాటు మా తమ్ముడు కూడా వస్తాడు, ఇష్టమైతేనే" అందట. నా సొత్తు మొగుడు కాజేశాడని తెలిస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లలున్నారు. నా నాలుగు పిస్టన్ల కోసం ఆ ఇంటి గోడలు కదిలించాలా? వద్దు. మింగేద్దాం. బావకి ఒక్కడికీ తెలిసేలా ఒక్క చూపు చూసి ఊరుకుంటాను, చూపు చాలు, వాడికీ నాకూ మధ్య ఉంటుంది. బావని మనసులో వాడు అన్నాను. ఎప్పుడూ అనలేదు. అన్నానని ఎవరైనా విన్నారేమోనన్నట్టు చుట్టూ చూశాను. కొండ, ఎండ, కమోడ్లు.

కింది మడతలోంచి ఈల వినిపించింది. సన్నగా, తీగలా, గేరు మారినప్పుడు తగ్గి మళ్ళీ లేస్తూ. కళ్ళు మూసుకున్నా చెప్పగలను అది ఏ మలుపులో ఉందో. చెవి దానంతటది టక్కు కోసం వెతికింది. లేదు. ఎంత శుభ్రంగా ఉందో ఆ చప్పుడు. నేను కాగితం మీద గీసుకున్నప్పుడు, జ్వరంలో కళ్ళు మూసుకున్నప్పుడు నా చెవుల్లో మోగిన చప్పుడు అదే. అచ్చంగా అదే. నా బండి అది, వేరే రంగు వేసుకుని వస్తోంది.

బావ బండి నా ముందుకి తెచ్చి వెనక్కి చేరబెట్టాడు. అవతలి తలుపులోంచి అక్క దిగింది, చేతిలో అన్నం క్యారియరు, భుజాన నీళ్ళ సీసా. బావ దిగి తాడు లాగుతూ, "సరుకేం పగల్లేదు కదరా?" అన్నాడు. లేదన్నాను. నా బానెట్టు తెరిచే ఉంది, ప్లగ్గులు నాలుగూ పిట్టగోడ మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఏ బండి ఎక్కడ ఆగినా ముందు బానెట్టులోకి తల దూర్చే మనిషి, అటు చూడకుండా వంగి తాడు ముడి వేసుకుంటున్నాడు. నేను అనుకున్న చూపు చూద్దామని నిలబడ్డాను, అతను తల ఎత్తలేదు. అప్పుడు అక్క నా దగ్గరికొచ్చి, చెంప మీది మసి కొంగుతో తుడుస్తూ, మెల్లగా, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది.

"పిస్టనే విరిగిందా?"

నేను ఫోన్లో ఇంజను పోయిందని మాత్రమే చెప్పాను. అక్కకి ఇంజనంటే మొత్తం ఒక్క ముద్ద. గొట్టం పగిలినా, బెల్టు తెగినా, "ఇంజను పోయిందట" అనే మనిషి. పిస్టను అనే మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. కొంగు ఇంకా నా చెంప మీదే ఉంది. ఆ కొంగునీ ఆ మొహాన్నీ చూస్తూ వెనకగదిలో మంచం మీది నన్ను చూసుకున్నాను, రెండుమూడు సార్లు లేచి షెడ్డుకి వెళ్తానంటే, "లేస్తే కాళ్ళు విరగ్గొడతా, ఇంకా కళ్ళు పచ్చగానే ఉన్నాయి, పడుకో" అని దుప్పటి కప్పిన అక్కని చూశాను. ఆ దుప్పటి ఎంత కమ్మగా ఉండేదో.

"నీకు తెలుసా అక్కా?"

కొంగు దిగిపోయింది. "మీ బావ బండి అసలు లాగడం మానేసిందిరా అప్పుడు. మేం నలుగురం దానిమీదే కదా బతకాలి. నీకు మళ్ళీ తెచ్చిపెడదామనే అనుకున్నాం. ఒట్టు."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేసేవాడివి. అడిగి తీసుకుంటే నీ మొహం చూడలేమనిపించింది."

బావ తాడు వదిలి లేచి నిలబడ్డాడు. మొహం ఎండకి కందిపోయి, ఒక్కసారిగా ముసలాడిలా ఉన్నాడు. "ఒంటిగాడివి, నీకు తొందరేముందిలే అనుకున్నానురా. తర్వాత చెబుదామంటే నువ్వు రోజూ ఆ జెట్లు పట్టుకుని కూర్చునేవాడివి. ఎలా చెప్పమంటావ్?" అన్నాడు. అతను ఇంకా ఏదో అనబోతుంటే అక్క అందుకుంది, సర్దిచెప్పే గొంతుతో, పిల్లల తగాదా తీర్చేటప్పటి గొంతుతో. "ఇప్పుడవన్నీ ఎందుకు? వాడు మనవాడు. వాడు మాత్రం ఏమీ అనుకోడని నాకు తెలుసు."

నిజమే. ఏమీ అనుకోనని ఇద్దరూ కూర్చుని ముందే లెక్క కట్టుకున్నారు. ఇందాకంతా పిట్టగోడ మీద కూర్చుని నేను మింగేద్దామనుకున్నది, వాళ్ళు నా తరఫున ఎప్పుడో మింగేశారు. నేను త్యాగం అనుకున్నది వాళ్ళకి సౌకర్యం. కోపం వస్తే బాగుండేది. కోపమైతే ప్లగ్గు తీసి లోయలోకి విసిరేవాణ్ణి, అరిచేవాణ్ణి, అక్క ఏడ్చేది, బావ కాళ్ళమీద పడేవాడు, సాయంత్రానికి అక్కే అన్నం కలిపి పెట్టేది. కోపం రాలేదు. లోపల చువ్వ దింపి అటూ ఇటూ జరిపితే అంతా చదునుగా తగిలింది.

పైకే లాగాలి, హోటలు దగ్గర, ఊరు దూరం. నా బండెక్కి స్టీరింగు పట్టుకున్నాను. అక్క నా పక్కన ఎక్కబోయి, నా మొహం చూసి, వెళ్ళి బావ పక్కన కూర్చుంది. రాళ్ళు తీశాక తాడు బిగిసింది. చచ్చిన ఇంజనుతో బ్రేకు రాయిలా ఉంటుంది, రెండు కాళ్ళతో తొక్కాలి, తాడు వదులైతే తొక్కాలి, బిగిస్తే వదలాలి, ముందు బండివాడు ఎప్పుడు ఏం చేస్తాడో అతని వెనక దీపాలు చూసి తెలుసుకోవాలి. అతన్ని నమ్మితే తప్ప మలుపు తిరగదు. తిరిగాను. ఒకటి తిరిగి, ఇంకోటి తిరిగి, తన బరువూ నా బరువూ, కమోడ్లూ బేసిన్లూ అన్నీ కలిపి ఆ ఇంజను లాగుతోంది. ఆగితే మళ్ళీ కదలలేని ఏటవాలులో, రెండో గేరులో, ఈల ఎక్కడా తెగకుండా. నేను గీసిన కొలత, నేను కూర్చిన మూత, నేను వెతికి తెచ్చిన పిస్టన్లు. ఒక్క టక్కు లేదు. సరిగ్గానే కట్టానన్నమాట. నా చెవి సరైనదే, నా చెయ్యి సరైనదే, ఎండాకాలమంతా నేను తిట్టుకున్న తిట్లన్నీ ఎవరికో చెందాల్సినవి. గర్వంతో గుండె లేచింది, అంతలోనే స్టీరింగు మసకబారింది, రెప్పలు కొట్టుకుంటూ ముందు దీపాలే చూశాను.

పైన సిమెంటు బస్తాల మధ్య సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. నా బండి వైపు ఒకసారి, బావ బండి వైపు చాలాసేపు చూశాడు. కూలీలు గడ్డి పీకి సరుకు దింపుతున్నారు, ఒక్కటీ పగల్లేదు. అతను బావ బానెట్టు మీద చెయ్యి వేసి, "రెండు బళ్ళ బరువు లాక్కొచ్చావయ్యా, ఏం ఇంజనిది! రేపట్నుంచి ఈ బండే రానీ" అన్నాడు. బావ నా వైపు చూశాడు, అతని వైపు చూశాడు. "కట్టింది మా బావమరిదండీ" అన్నాడు. "ఎవరు కడితేనేం, నువ్వు రా" అని సూపర్‌వైజరు అతని భుజం మీద చెయ్యేసి సంతకానికని గదిలోకి తీసుకెళ్ళాడు. బావ వెళ్ళాడు. వద్దనలేదు. వద్దంటాడని నేను గుమ్మం దాకా చూస్తూనే ఉన్నాను.

తాడు విప్పాను. చుట్టగా చుట్టి బావ బండి వెనక వేశాను. టైల్సు పెట్టెల పక్కన రేకుల షెడ్డు నీడ ఉంది, రాత్రికి తనుంటానని వాచ్‌మన్ చెప్పాడు, ఇంజను ఇక్కడే విప్పుకోవచ్చన్నాడు, నూనె డబ్బా, పాత గుడ్డలు ఇస్తానన్నాడు. చేతులు కడుక్కుంటుంటే అక్క వచ్చింది. క్యారియరు గిన్నె మూత తీసి, కలిపిన అన్నం ముద్ద వేళ్ళతో సర్దుతూ, నా పక్కన రాతిమీద జాగా చేసుకుని కూర్చుంది. "తినరా చిన్నోడా. పొద్దుట్నుంచి ఏం తిని ఉండవు. తినేసి అందరం కలిసి దిగిపోదాం, బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంది.

"నాకు ఆకలిగా లేదు. మీరు తినండి" అన్నాను.

ఆ 'మీరు' విని, బావ కూడా వచ్చాడేమోనని అక్క వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.